చమురు బావికీ పర్రకీ మధ్య మా వీధి

ఈ ప్రయాణానికి కారణం ఒక డ్రాయింగు. దాన్ని గీసింది నేను కాదు, భిలాయి సెక్టర్ 2లో మా పాత వీధివాళ్లు. గళ్ల కాగితం మీద స్కేలు పెట్టి గీసిన తిన్నటి రోడ్డు, దానికి రెండు పక్కలా ఇళ్లు, ప్రతి గడిలో ఒక పేరు. పేర్లన్నీ వీధిలో ఇప్పుడున్న వరసలోనే ఉన్నాయి. మా పాత ఇంటి గడిలో మాత్రం పక్క వీధి దాసుగారి పేరుంది, మేం ఏనాడో ఆ క్వార్టర్ ఖాళీ చేసి వచ్చేశాం కాబట్టి.

అక్కడి ఉక్కు ప్లాంటులో ఉద్యోగం అయిపోతే క్వార్టర్ ఎప్పటికైనా వదలాల్సిందే. వదిలేది ఎలాగూ తప్పదు గనక అందరం కలిసి వదిలి, కలిసి ఇంకోచోట ఉందామని వాళ్లు సంఘం పెట్టుకున్నారు. చాలామందివి శ్రీకాకుళం, విజయనగరం వైపు ఊళ్లు. అక్కడ ఇంతమందికి ఒకేచోట నేల దొరకలేదు. కోనసీమలో సముద్రానికి దగ్గరగా ఒక కొబ్బరితోట ఒకే చెక్కగా అమ్మకానికి వచ్చింది. ఎండాకాలంలో వెళ్లి చూశారు, నచ్చింది, ఆ గళ్ల కాగితం నాకు పంపారు. నేను అమలాపురంలో లేఅవుట్లు గీసే ఆఫీసులో ఇంజనీరుని.

నేను ఆ తోటను వానల్లో చూశాను. ఉత్తరం వైపు రెండు చమురు బావులున్నాయి. ఒకటి నడుస్తోంది, రెండోదాన్ని మూసేశారు. మూసిన బావి దగ్గరికి కూడా ఎప్పుడైనా పెద్ద యంత్రాలు రావాల్సి రావచ్చు, వాటికి దారి వదలాలి. రెండింటినీ కలిపే గొట్టం నేల కింద ఉంది, దాని మీద ఏమీ కట్టకూడదు. దక్షిణం వైపు పల్లం. ఎండాకాలంలో పగుళ్లిచ్చిన బీడులా కనిపించే ఆ పల్లంలో నేను వెళ్లేసరికి మోకాలి లోతు నీరు, తుంగ, బారులు తీరిన కొంగలు. ఊరివాళ్లు దాన్ని పర్ర అంటారు. భిలాయివాళ్ల తిన్నటి రోడ్డు సగం నుంచి నేరుగా అందులోకి దిగిపోయింది. బల్లపరుపు టౌన్‌షిప్పులో జీవితమంతా గడిపినవాళ్లకు తప్ప మరొకరికి అలాంటి గీత గీయాలని తోచదు.

బావుల వైపు వదలాల్సింది వదిలి, పర్రను పర్రగా ఉంచితే, మధ్యలో మిగిలిన గట్టినేల మీద నా ప్లానులో పద్నాలుగు ఇళ్లు పట్టాయి. కుటుంబాలు ఇరవై రెండు. స్థలం తీసుకుంటారో లేదో సోమవారానికల్లా తోట యజమానికి చెప్పాలి. సంఘం పెద్ద అప్పలనాయుడు మావయ్యకి ఫోన్ చేశాను. ఆయన ప్లాంటులో గ్యాస్ గొట్టాల సెక్షన్లో పనిచేసి రిటైరయ్యాడు.

"ఎనిమిదిళ్లు ఎగిరిపోనాయని ఫోన్లో చెప్పీసి పెట్టీస్తావేటిరా? వచ్చి అందరి ముందరా చెప్పు" అన్నాడు.

శుక్రవారం పొద్దున్నే అమలాపురంలో బస్సెక్కి, మధ్యాహ్నం దాటాక విశాఖ చేరాను. అమ్మానాన్నలు ఉండేది అక్కడే, అయిదో అంతస్తులో. భోజనం దగ్గర నాన్న ప్లాను గురించి ఒక్కటే అడిగాడు, అదీ భిలాయిలో మా పక్కింటివాళ్ల గురించి.

"పార్వతి వాళ్ల నంబరు ఎక్కడ పడింది?"

"వీధి చివర కదా నాన్నా. పర్రలో పడింది."

ఆయన అన్నంలో మజ్జిగ కలుపుకున్నాడు.

రాయ్‌పూర్ వైపు వెళ్లే రైలు రాత్రి ఎనిమిది తర్వాత బయల్దేరింది. స్లీపర్లో సైడు బెర్తు దొరికింది. అమ్మ కట్టిచ్చిన పులిహోర విజయనగరం రాకముందే అయిపోయింది. అక్కడ ఎక్కిన ఒక పెద్దావిడ కొత్త బెల్లం సంచిని నా బెర్తు కిందకి తోసి, తను భిలాయి-3లో ఉన్న కూతురి దగ్గరికి వెళ్తున్నానని చెప్పింది.

"మీకు బిలాయిలో ఎవులున్నారు బాబూ?"

"చుట్టాలెవరూ లేరమ్మా. మా పాత వీధి ఉంది."

"ఈదుంటే చాల్దేటి!" అని దుప్పటి ముసుగేసుకుంది.

పొద్దున ఏడు దాటాక రాయ్‌పూర్. ఈ దారిలో వెళ్లేవాళ్లకి ఒక మాట: దుర్గ్ వైపు లోకల్ రైలు పట్టుకునే తొందరలో స్టేషన్ బయట అమ్మే పోహాను, అదే అటుకుల ఉప్మాను, వదులుకోకండి. పైన సేవ్ అనే సన్న కారప్పూస, పచ్చి ఉల్లిపాయ, పక్కన వేడి జిలేబీ. మా చిన్నప్పుడు ఆదివారం పొద్దున వీధంతా ఇదే తినేది. లోకల్లో కూర్చోడానికి చోటు లేదు. భిలాయి-3లో ఆ పెద్దావిడ దిగితే, తలుపు దగ్గర నిలబడి బెల్లం సంచి అందించాను. తర్వాత ప్లాంటు పొగగొట్టాలు కనిపించాయి. చిన్నప్పుడు వేసవి సెలవులకి విజయనగరం వెళ్లి తిరిగొచ్చేటప్పుడు వాటిని ముందు ఎవరు చూస్తారా అని అమ్మతో పందెం కాసేవాణ్ణి. ఇప్పుడూ ఏ వైపు తలుపు దగ్గర నిలబడాలో కాళ్లకే తెలిసింది.

పవర్‌హౌస్ స్టేషన్లో దిగి, ఆటోలో సెక్టర్ 2. నేను అనుకున్నంత మార్పేమీ లేదు. రోడ్డు పక్క చెట్లు ఇంకాస్త లావెక్కాయి, క్వార్టర్ల రంగు మారింది, గోడల ముందు స్కూటర్లకి బదులు కార్లున్నాయి. ఒకటి మాత్రం బాగా తేడాగా అనిపించింది: వీధి నాకు గుర్తున్నదానికన్నా ఇరుకు. క్రికెట్ ఆడేటప్పుడు ఇక్కడ బౌండరీ చాలా దూరంగా ఉండేది.

పార్వతత్త గుమ్మంలోనే ఉంది. మా పాత ఇల్లు, వాళ్ల ఇల్లు ఒకే గోడకి అటూ ఇటూ. ఆమె భర్త రామారావు మావయ్య, నాన్న ఒకే షిఫ్టులో పనిచేసేవారు. మావయ్య పోయి చాలాకాలమైంది. అత్త కూతురు రింకు ఇక్కడే బడిలో టీచరు. మేమిద్దరం ఒకే ఏడు పుట్టినా నన్ను భయ్యా అనే పిలుస్తుంది.

"భయ్యా, పెహలే చాయ్ తాగు, నహానా బాద్ మే. మమ్మీ నీకోసం సుబహ్ సే లాల్ భాజీ కోస్తూనే ఉంది."

"దీనికి తెలుగు రాదు, హిందీ రాదు" అంది అత్త. "పిల్లలకేటి చెప్తదో మరి."

"మ్యాథ్స్ చెప్తాను మమ్మీ!"

చాయ్ తాగి, స్నానం చేసి, లాల్ భాజీ అనే ఎర్ర తోటకూర పప్పుతో అన్నం తిని పడుకున్నాను. కళ్లు మూతపడుతుండగా దగ్గర్లో గోడ మీద రెండు దెబ్బలు వినిపించాయి. లేచి చూస్తే అత్త చపాతీల కర్రతో మా పాత ఇంటి గోడ దగ్గర నిలబడి ఉంది. కాసేపటికి అవతలి నుంచి ఒక దెబ్బ.

"పక్కింట్లో ఇప్పుడు మనీష్ అనీసి ఒక కుర్రాడున్నాడు. సెకండ్ షిఫ్టు. పెళ్లాం పుట్టింటికెళ్లింది. నాను లేపకపోతే సాయంత్రం దాకా లేవడు" అంది.

నాకు ఎన్నో ఏళ్లుగా గుర్తురానిది ఒక్కసారిగా గుర్తొచ్చింది. ఫస్ట్ షిఫ్టు రోజుల్లో నాన్న, రామారావు మావయ్యల్లో ఎవరు ముందు లేస్తే వాళ్లు గోడ మీద రెండు సార్లు కొట్టేవారు. అవతలివాళ్లు ఒకసారి కొడితే లేచినట్టు. ఇంట్లో అలారం గడియారం ఉండేది కానీ, దానికి ఎవరూ కీ ఇచ్చేవారు కాదు. గోడ అవతల జ్వరమొస్తే దగ్గు మాకు వినిపించేది, అమ్మ మిరియాల పాలు పట్టుకెళ్లేది.

మళ్లీ పడుకోకుండా లాప్‌టాప్ తెరిచాను. నా ప్లానులో ఇంటింటికీ నాలుగు వైపులా ఖాళీ ఉంది. స్థలం కొనేవాళ్లందరూ అదే అడుగుతారు కాబట్టి, వీళ్లని అడక్కుండానే అలా గీసేశాను. గట్టినేలను తినేస్తున్నవి ఆ ఖాళీలే. వాటిని తీసేసి, ఇళ్లను క్వార్టర్లలా ఒకే గోడ పంచుకునేలా రెండు వరసలుగా పేర్చాను. వీధి తిన్నగా రాలేదు, మోచెయ్యి మడిచినట్టు ఒంగింది. వాళ్లు అడిగిన భజన హాలు తీసేయాల్సి వచ్చింది. ఇరవై రెండు ఇళ్లూ పట్టాయి. పర్రలో ఒక్క తుంగపోచ కూడా కదలక్కర్లేదు.

సాయంత్రం అయిదింటికి అప్పలనాయుడు మావయ్య ఇంటి ముందు వీధిలోనే కుర్చీలు వేశారు. నేను ముందు పాత ప్లానే చూపించాను, ఎందుకు తగ్గాయో చెప్పాను.

మావయ్య మొదట బావులవైపు వేలు పెట్టాడు. "గాలెటు నుంచి ఎటు?"

"ఎక్కువ నెలలు సముద్రం నుంచి బావుల వైపు. చలికాలంలో కొన్నాళ్లు తిరగబడుతుంది."

"అయితే తూర్పు కొసకి ఇంకో దారి పెట్టు. గ్యాసు లీకైతే జనం గాలికి అడ్డంగా బయటికెళ్లాల. సైరన్ మోగితే ఎక్కడ చేరాలో కూడా రాయి."

"రిటైరైనా సేఫ్టీ డ్రిల్ తప్పదన్నమాట" అని వెనక నుంచి ఎవరో అన్నారు. అందరూ నవ్వారు.

దాసుగారు పర్రను మట్టితో కప్పేయవచ్చు కదా అన్నారు. ఊరి కాలవల నీరు వానల్లో అక్కడికే చేరుతుందనీ, కప్పేస్తే ఆ నీరు ముందు మన ఇళ్లలోకీ తర్వాత ఊరివాళ్ల ఇళ్లలోకీ వస్తుందనీ చెప్పాను.

"కొత్తగా ఎళ్తూ ఊరోళ్ల కొంప ముంచుతామేటి? అది వద్దు" అన్నాడు మావయ్య. "మరి ఎనిమిది మంది ఎవులు?"

చీటీలు తీద్దామని ఒకరన్నారు. వీధి దీపాలు వెలిగాయి.

"నాది చివరి నంబరు" అంది పార్వతత్త. "నీళ్లలో ఉన్నదే నాది. నా పేరు కొట్టీండి. రింకూ నేనూ ఎక్కడో అద్దెకుంటాం."

"తుమ్ చుప్ రహో మమ్మీ" అని రింకు తల్లి మాటకి అడ్డొచ్చింది.

అప్పుడు రెండో ప్లాను పరిచాను. గోడల సంగతి చెప్పగానే అందరికన్నా ముందు అప్పలనాయుడు మావయ్యకే కోపమొచ్చింది.

"ఒరే కిరణూ! ఇన్నేళ్లు పక్కింటి మిక్సీ మోత ఇన్నాను. కుక్కరు కూతలు లెక్కెట్టి వాళ్లింట్లో ఏటి వండేరో చెప్పీవోణ్ణి. ఆఖరికైనా నా నాలుగు గోడలూ నావే ఉండాలనుకున్నాను. మళ్లీ క్వార్టర్లోకే తోసీస్తావా?"

"నీ గురక మేం ఇన్లేదేటి అన్నయ్యా?" అంది అత్త. "మాకూ మీకూ మధ్య రెండిళ్లున్నాయి. అయినా ఇనబడీది."

నవ్వు ఆగేదాకా మావయ్య గెడ్డం గోక్కుంటూ కూర్చున్నాడు. తర్వాత ప్లాను ఒళ్లోకి తీసుకుని, కళ్లజోడు పైకి తోసుకుని, ఒక్కొక్క గడిలో పేరు పైకి చదివాడు. చివరి పేరు పార్వతత్తది. అది గట్టినేల మీద ఉంది. ఆయన వేలు అక్కడే కాసేపు ఆగింది.

"సరే. నాకు మిక్సీ లేని ఇల్లు పక్కన పడీయి" అన్నాడు.

దాసుగారు మాత్రం ఒప్పుకోలేదు. నాలుగు వైపులా మొక్కలు పెంచుకోవాలన్నది ఆయన ఎప్పటినుంచో అనుకున్న మాట. తను వేరే చూసుకుంటానని, తప్పుగా అనుకోవద్దని అందరితో చెప్పి వెళ్లారు. ఎవరూ ఆపలేదు, ఎవరూ మాట అనలేదు. ఆయన కుర్చీ చాలాసేపు అలాగే ఖాళీగా ఉంది.

ఆదివారం పొద్దున ఇళ్ల వెనక సందులో నడిచాను. భిలాయి వెళ్లినవాళ్లు ఏ సెక్టర్‌నైనా ఆ వైపు నుంచి చూడాలి. ఆరేసిన ప్లాంటు యూనిఫారాలు, తలుపు సందుల్లోంచి చేతులు మారే గిన్నెలు, ఒక ఇంట్లో తెలుగు భక్తిపాట, పక్కింట్లో ఛత్తీస్‌గఢీ మాట. మా పాత ఇంటి వెనక తలుపు దగ్గర మనీష్ పళ్లు తోముకుంటున్నాడు. లోపల చూస్తారా అని హిందీలో అడిగాడు. వద్దన్నాను. గోడను అత్తవాళ్ల వైపు నుంచి చూశాను, చాలు.

మధ్యాహ్నం పవర్‌హౌస్ స్టేషన్ దాకా అప్పలనాయుడు మావయ్య వచ్చాడు. లోకల్ కూత వినిపించాక అసలు మాట చెప్పాడు. "దాసు గడి ఖాళీగా ఉంచు. రేపటిదాకా ఎవులకీ ఇవ్వను. మీ నాన్ననడుగు."

రాయ్‌పూర్లో సాయంత్రం రైలు. మహాసముంద్ దాటేసరికి చీకటి పడింది. ఆ వీధిలో ఇంకో రెండు మూడేళ్లలో వేరే పేర్లుంటాయి. చెట్లు ఉంటాయి, సందు ఉంటుంది, సెకండ్ షిఫ్టుకి ఎవరో ఒకరిని ఎవరో ఒకరు లేపుతూనే ఉంటారు. కోనసీమలో లేపడానికి షిఫ్టులు ఉండవు. అయినా నేను ఈసారి చూసొచ్చిన వాటన్నిట్లోకీ తీసుకెళ్లదగ్గది ఆ గోడ ఒక్కటే అనిపించింది.

నాన్నకి ఫోన్ చేశాను. అన్నీ చెప్పాను: బావులు, గాలి, మావయ్య కోపం, దాసుగారి గడి.

"అది మన పాత వరసలోనేనా?" అన్నాడు.

"మన నంబరే నాన్నా. పక్కన పార్వతత్త."

"గోడ ఎంత మందం పెట్టావు?"

"తొమ్మిదంగుళాలు."

రైలు ఏదో వంతెన మీద వెళ్తోంది. ఆ చప్పుడు అయిపోయేదాకా ఆయన ఆగాడు.

"ప్లానులో ఆ గోడకి అలమరా ఉందా?"

"ఉంది."

"తీసెయ్. చప్పుడు సరిగా వినపడదు."

లాప్‌టాప్ తెరిచి అలమరా తీసేశాను. ఖాళీ గడిలో నాన్న పేరు రాశాను.