కొండ మీద కొలతకు దొరికిన మనిషి

దయ్యాలూ ఆత్మలూ అంటే నాకు ఏనాడూ నమ్మకం లేదు. ఇప్పుడైనా ఉందని చెప్పలేను. నా ఉద్యోగమే కొలవడం. పరికరం చూపించిన అంకె రాస్తాను, చూపించనిది రాయను. అందుకే ఈ సంగతి ఇన్నాళ్లూ ఇంట్లోవాళ్లకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

మాది గుడియాత్తం. విమానాశ్రయాల చుట్టూ ఉన్న కొండలు, చెట్లు, టవర్ల ఎత్తు కొలిచే ఒక ప్రైవేటు సంస్థలో సర్వే ఇంజనీరుని. విమానం నేల వదిలీ వదలగానే ఒక ఇంజను ఆగిపోయిందనుకోండి. మిగిలిన ఇంజనుతో అది నిదానంగానే పైకి ఎక్కగలదు. ఎదురుగా కొండ ఉంటే దాన్ని దాటేంత ఎత్తుకు చేరాలి, లేదంటే ముందే పక్కకు తిరగాలి. ఆ దారి ముందుగానే గీసి పెడతారు. మేము కొండ ఎత్తు తక్కువ రాస్తే ప్రాణాలు పోవచ్చు. ఎక్కువ రాస్తే, బరువు తగ్గించుకోవడానికి విమానం కొందరిని దింపేసి లేవాల్సి వస్తుంది.

వేలూరు దగ్గరి చిన్న విమానాశ్రయం పని నాకు అప్పగించారు. నాతో యోసేపన్న వచ్చాడు. వయసులో పెద్దవాడు, ఈ పని నాకు నేర్పినవాడు. రన్‌వేకి ఎదురుగా ఒక బోడికొండ. మధ్యాహ్నం దాని కింద స్టాండు నిలిపి, పరికరం బిగించి, దాని దుర్భిణిలోంచి చూశాను.

కొన మీద ఒక ముసలాయన నిలబడి ఉన్నాడు. పంచె కట్టు, ఒంటి మీద చొక్కా లేదు. తువ్వాలు ఒకే పక్కకు ఊపుతున్నాడు, అటు పో అన్నట్టు. యోసేపన్న కూడా చూశాడు. మేకలు తోలుకొచ్చి ఉంటాడు, దిగనీ అన్నాడు. చాలాసేపు ఆగాం. ఆయన దిగలేదు. చివరికి ఆయన తలకే గురిపెట్టి మీట నొక్కాను. దూరం, ఎత్తు రెండూ వచ్చాయి. ఆ పరికరం లేజరుతో పనిచేస్తుంది. దేనికైనా తగిలితేనే అంకె వస్తుంది, ఉత్త గాలికి గురిపెడితే రాదు.

మర్నాడు పొద్దున జీపీఎస్ తీసుకుని కొండెక్కాం. దారంతా కంప కమ్ముకుని ఉంటే నరుక్కుంటూ వెళ్లాం. ఎవరూ నడిచిన జాడ లేదు. కొన మీది రాతి గుండు నున్నగా, ఏటవాలుగా ఉంది. యోసేపన్న నడుముకు తాడు కట్టుకుని, పాకుతూ వెళ్లి కొలిచాడు. నిన్నటి అంకె కంటే మనిషెత్తు తక్కువ. తాడు లేకుండా అక్కడ నిలబడడం ఎవరివల్లా కాదు.

రెండు కొలతలు కలవకపోతే కింది నుంచి మళ్లీ కొలవాలి. అదే చోట స్టాండు పెట్టాం. పక్కనే మునెమ్మ అనే పెద్దావిడ ఇల్లు. వాకిట్లో చింతపండు గింజలు తీస్తూ, నిన్నటి నుంచి ఏం చూస్తున్నారని అడిగింది. కొండ మీద ఎవరో తువ్వాలు ఊపారని చెప్పాను.

ఆమె చేతులు ఆగిపోయాయి.

"మా ఇంటాయన గదమ్మా," అంది. "ఆయన పోయి శానా ఏండ్లాయె."

తర్వాత నెమ్మదిగా చెప్పింది. ఆయన ఆ కొండ వాలులో మేకలు కాసేవాడట. ఒక మబ్బు రోజున చిన్న శిక్షణ విమానం తల మీదుగా, లోపలి పిల్లాడి మొహం కనిపించేంత కిందుగా పోయిందట. అప్పటి నుంచి మోత వినిపిస్తే చాలు, అన్నం ముందు నుంచి లేచి వెళ్లి తువ్వాలు ఊపేవాడట.

"ఎవురు కన్న బిడ్డో, కొండకు కొట్టుకోకూడదు అనేటోడు. జరంతో కూడా ఎక్కినాడు. ఆ జరమే తీసుకోనిపోయింది."

దుర్భిణిలోంచి చూశాను. ఉత్త గుండు. దాని పైన ఖాళీ చోటుకు గురిపెట్టి నొక్కాను. నిన్నటి అంకే వచ్చింది. యోసేపన్న నొక్కినా అదే. ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు.

నేనొకతూరి చూడొచ్చునా అని మునెమ్మ అడిగింది. స్టాండు కాళ్లు ఆమె ఎత్తుకు దించాను. చాలాసేపు చూసింది. నీళ్లు చెంపల మీదికి కారుతున్నా కన్ను తీయలేదు.

"చిక్కిపోయినాడు," అంది చివరికి.

వెంటనే నేను చూశాను. గుండు తప్ప ఏమీ లేదు.

ఆఫీసుకు గుండు ఎత్తుకు మనిషెత్తు కలిపి ఇచ్చాను. చెట్లు పెరుగుతాయని కొంత కలపడం మా పనిలో మామూలే, అక్కడ గడ్డి కూడా మొలవకపోయినా. ఆ లెక్కతో, విమానం కొండ దాకా రాకుండా ముందే ఎడమకు తిరిగేలా దారి గీశారు. ఆ కబురు చెప్పడానికి మళ్లీ మునెమ్మ దగ్గరికి వెళ్లాను.

"అట్లయితే ఇంక దిగి రమ్మని ఆయనకు నువ్వే చెప్పమ్మా," అంది. "నేను చెప్తే యాడ ఇంటాడు."

కొండ వైపు తిరిగి, ఆమె చెప్పినట్టే పిలిచాను. ఆ రోజు పరికరం తీసుకెళ్లలేదు. తీసుకెళ్లినా నొక్కి చూసేదాన్ని కాదేమో. లేజరు దేనికి తగిలిందో నాకు ఇప్పటికీ తెలియదు.