గడి ముందు చెప్పులు

మొన్న హైదరాబాదు మెట్రో స్టేషన్లో కదిలే మెట్ల ముందు ఒక ముసలమ్మ చెప్పులు విప్పి చేతిలో పట్టుకుంది. వెనకున్న ఇద్దరు కుర్రాళ్లు ఒకటే నవ్వు. నాకు ఒళ్లు మండిపోయింది. ఆమె జారిపడతానన్న భయంతో విప్పిందో, మరెందుకు విప్పిందో నాకు తెలియదు. మా నాన్న, మా బాపు ఎందుకు విప్పాడో మాత్రం తెలుసు. అది తలుచుకుంటే ఈ వయసులోనూ మాత్రలకు లొంగని కోపం వస్తుంది.

అరవైల్లో ఒక ఎండాకాలం, మా హుజూర్‌నగర్ వైపు రైతులను కొందరిని సర్కారువాళ్లు రష్యా చూపించడానికి తీసుకెళ్లారు. వాళ్లలో బాపు ఒకడు. కాగితాలు చదివిపెట్టడానికి ఇంగ్లీషు వచ్చినవాడు కావాలని, డిగ్రీ చదివి ఇంట్లో ఖాళీగా ఉన్న నన్నూ కలిపారు. బాపు ధోవతి కట్టి, తలకు రుమాలు చుట్టి, కొత్త కిర్రు చెప్పులు వేసుకుని బయలుదేరాడు. ఆ చెప్పుల చప్పుడంటే ఆయనకు మహా ముచ్చట. ఇక అక్కడి తిండి సంగతి అడక్కండి. అవ్వ కట్టి పంపిన చింతకాయ తొక్కు లేకపోతే మాలో సగంమంది మంచం పట్టేవాళ్లమే.

మాస్కోలో మాకు ఊరు చూపించిన రష్యా అమ్మాయి ఉర్దూ చదువుకున్నది. బాపుకు నిజాం కాలం నుంచే ఉర్దూ వచ్చు కనుక ఆమెతో ఆయనకే ఎక్కువ మాటలు. భూమి కింద నడిచే రైలు ఎక్కిస్తానని ఆమె మమ్మల్ని కదిలే మెట్ల మీద దించింది. పాతాళానికి పోతున్నామా అన్నంత సేపు దిగాం. కింద చూస్తే నున్నటి పాలరాయి, బారులు తీరిన స్తంభాలు, పైన ఇంతింత దీపాల గుత్తులు. నేను నోరు తెరుచుకుని పైకి చూసి, పక్కకు తిరిగేసరికి బాపు చెప్పులు ఆయన చేతిలో ఉన్నాయి. నడుము కూడా కొంచెం వంగింది.

మా ఊళ్లో దొర ఉండే కోటలాంటి ఇల్లు, గడి, దాని ముందు నుంచి పోయేవాళ్లెవరైనా చెప్పులు విప్పి చేతపట్టుకోవలసిందే. నేల కాలి అరికాళ్లు బొబ్బలెక్కినా సరే. దొరల జాగీర్లు పోయాయని సర్కారు చెప్పి అప్పటికే ఏళ్లయింది. గడిలో ముసలి దొర ఒక్కడే మిగిలాడు. అయినా అందరూ విప్పుతూనే ఉన్నారు. ఎవరూ అడగకుండానే చేతులు కిందికి పోతాయి. ఇన్ని దేశాలు దాటి వచ్చినా పోయాయి, చూడండి! అంతగా నేర్పిపెట్టారు పాపిష్టివాళ్లు.

ఎందుకు విప్పారని ఆ అమ్మాయి అడిగింది. వాళ్ల మాటలు ఉర్దూలోనే నడిచినా, బాపు మాట నాకు మా ఊరి మాటగానే గుర్తుంది.

“గిది ఎవరి గడి బిడ్డా?”

ఎవరిదీ కాదనీ, టిక్కెట్టు కొన్న అందరిదీ అనీ ఆమె చెప్పింది. అప్పుడే సున్నం మరకల బూట్లతో కూలీలు కొందరు ఆ పాలరాయి తొక్కుకుంటూ మా పక్కనుంచే పోయారు. బాపు వాళ్ల కాళ్లనే చూశాడు. రైలెక్కాక చెప్పులు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

“గింత పెద్ద జాగల ఇప్పే పనే లేదంటే, గా గడి ముంగట నేనెందుకు ఇప్పినట్టురా?”

ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి. కోపంతో వచ్చిన నీళ్లు. బాపు అక్కడే, ఆ రైల్లోనే వంగి చెప్పులు తొడుక్కున్నాడు.

ఊరికి వచ్చిన మర్నాడే కిర్రు కిర్రుమంటూ గడి దారి పట్టాడు. నేనూ వెనకే నడిచాను. అరుగు మీది ముసలి దొర తల ఎత్తాడు.

“ఏందిరా, చెప్పులు యాడున్నయి?”

బాపు నిలబడ్డాడు. “కాళ్లకున్నయి దొరా. ఇగ గాడనే ఉంటయి.”

బాపు మళ్లీ నడిచాడు. దొరల రాజ్యం పోయిందని మా ఊళ్లో డప్పు కొట్టి చెప్పినప్పుడు నేను పలక పట్టుకుని బడికి పోయే పిల్లవాణ్ణి. ఆ కబురు మా బాపు కాళ్ల దాకా వచ్చేసరికి నాకు మీసాలొచ్చాయి.