గేటు లోపలి బండ్ల బాట

మా ఇంటి వెనక కడుతున్న అపార్టుమెంటు గోడలకు పొద్దున్నే నీళ్ళు కొడతారు. తడిసిన సిమెంటు వాసన కిటికీలోంచి వస్తుంది. ఆ వాసనకు నాకు మరియమ్మక్క గుర్తొస్తుంది. కాళ్ళు వాటంతటవే చెప్పులు వెతుక్కుంటాయి.

చేవెళ్ల నుంచి శంకర్‌పల్లి దిక్కు పోతే, రైలు పట్టాలకు దగ్గర్లో మా ఊరు. గూడ్సు షెడ్డులో వ్యాగన్ల నుంచి దించిన సిమెంటు బస్తాల్లో చినిగినవాటిని కుట్టడం, ఒలికింది ఊడ్చి ఎత్తడం మా ఆడవాళ్ళ పని. మా జట్టుకు మరియమ్మక్క పెద్ద. పొట్టి మనిషి. చర్చిలో పాడినా షెడ్డులో అరిచినా ఒకటే గొంతు. ఊరి నుంచి షెడ్డుకు ఒక బండ్ల బాట ఉండేది. అది అందరిదీ, ఎవరి పాసుపుస్తకంలోనూ ఎక్కనిది. నగరంలో కంప్యూటర్ ఉద్యోగాలు పెరిగి, మొయినాబాద్ చుట్టుపక్కల చేన్లన్నీ ప్లాట్లవుతున్న రోజులవి. మా బాటకు రెండు పక్కలా ఉన్న భూమిని ఒక కంపెనీ కొన్నది. చుట్టూ గోడ కట్టి, బాటకు ఈ చివర ఒక గేటు, ఆ చివర ఒక గేటు పెట్టింది. గేటు మీద బోర్డు.

"బయటోళ్ళు రావద్దని రాసిన్రు కద అవ్వా, చదువు రాదా?" అన్నాడు వాచ్‌మన్.

"రాదు బిడ్డా. బోర్డు మీద ఏమున్నదో నాకు తెల్వదు. తొవ్వ ఏడున్నదో తెలుసు. జర జరుగు," అని అక్క గేటు తోసుకొని నడిచింది. ఆమె వెనక మేమంతా నడిచాం.

వ్యాగన్లు రాని రోజుల్లో కూడా ఆమె మమ్మల్ని వదల్లేదు. షెడ్డు దాకా నడిపించి, ఖాళీ పట్టాలు చూపించి, వెనక్కి తెచ్చేది. పని లేనినాడు ఈ తిప్పలెందుకని నేను విసుక్కుంటే, "గడ్డి మొలిస్తే ఇది తొవ్వ కాదంటరు. నీ కాళ్ళేమన్న కిరాయికి తెచ్చినవా, అరిగిపోతయని?" అనేది.

రోడ్డు మీదుగా షెడ్డుకు నడవాలంటే చాలా చుట్టు. వ్యాగను తలుపు తెరిచేసరికి మేము అక్కడ లేకపోతే పని వేరే జట్టుకు పోతుంది. కంపెనీవాళ్ళు కొట్లాట మానేసి మాకు వ్యాన్ పెట్టారు, రోడ్డు మీదుగా షెడ్డు దాకా, ఉచితంగా. మెత్తటి సీట్లలో కూర్చుని అందరం నవ్వుకున్నాం. అక్క ఎక్కలేదు. కిటికీ దగ్గరికి వచ్చి నా వైపు చూసింది.

"కూసో సత్తెమ్మా, మంచిగున్నది. గేటుకు తాళం పడ్డంక ఈ బండి ఎన్ని దినాలు వస్తదో గది గూడ అడుగు."

డ్రైవర్‌ని అడిగాను. "నాకేం ఎరుక అక్కా, సారు పంపినన్ని రోజులు," అన్నాడు. నేను దిగాను. నా వెనక ఒక్కొక్కరే దిగారు. ఆ రోజు ఆలస్యంగా చేరి తిట్లు తిన్నాం. మర్నాటి నుంచి వ్యాన్ ఖాళీగా వచ్చి ఖాళీగా పోయింది. కొన్నాళ్ళకు రావడమే మానేసింది.

అటు తర్వాతే అక్క నన్ను రాత్రిబడికి తరిమింది. "నా కండ్లు ఆనవు. బోర్డులు ఇంకా పెరుగుతయి. నువ్వు నేర్వు," అన్నది. నలభై దాటాక అక్షరాలు దిద్దాను. నేను మొదట కూడబలుక్కుని చదివింది ఆ గేటు బోర్డునే. చదివి, లోపలికే నడిచాను.

ఏ ఊరి భూమిని దేనికి వాడాలో ప్లాను గీశామని, అభ్యంతరాలుంటే చెప్పమని ఒకసారి ప్రభుత్వం వాళ్ళు మీటింగ్ పెట్టారు. గోడ మీద పెద్ద మ్యాపు. ఇళ్ళకని పసుపు రంగు వేసిన చోటు పక్కన మా ఊరి పేరు చదివి, అక్కకు వేలు పెట్టి చూపించాను. ఊరు ఉన్నది, షెడ్డు ఉన్నది. నడుమ బాట లేదు. అక్క తమలపాకుల సంచిలోంచి సున్నం డబ్బీ తీసి, వేలితో ఊరి నుంచి షెడ్డు దాకా తెల్లటి గీత గీసింది.

"అవ్వా, అది గవర్నమెంటు మ్యాపు," అన్నాడు ఆఫీసరు.

"మర్శిపోయిన్రని పెట్టిన సారు. తుడిశేటట్టయితే మీ చేత్తోని తుడువున్రి. మేం సూస్తం."

ఎవరూ తుడవలేదు.

ఆ ప్లాను చివరికి ఏమైందో మాకెవరూ చెప్పలేదు. గేటుకు మాత్రం తాళం పడలేదు. ఇప్పుడు గోడ లోపల వరుసగా ఇళ్ళు. గూడ్సు చప్పుడుకు నిద్ర పట్టడం లేదని, షెడ్డునే ఎత్తేయాలని ఆ ఇళ్ళవాళ్ళు అర్జీలు పెడుతున్నారట. అక్క పోయి చాలా ఏళ్ళయింది. నేను బస్తాలు కుట్టడం మానేశాను, మోకాళ్ళు సహకరించవు. అయినా పొద్దున్నే నడుస్తాను.

మొన్న కొత్త వాచ్‌మన్ ఆపాడు. "ఎవరింటికి అవ్వా?"

"ఎవరింటికి గాదు. షెడ్డు దాకా."

"ఏం పని?"

"పనేం లేదు బిడ్డా," అన్నాను. "జర జరుగు."