తెల్లబడిన సంగటి

మా ఇల్లు ఏ ఏడాది ఎంత బాగుపడిందో తెలియాలంటే మిద్దె చూడనక్కర్లేదు, సంగటి చూస్తే చాలు. పుంగనూరులో మా నాయన కూలికి పోయే రోజుల్లో ముద్ద నల్లగా ఉండేది. నూకలు పేరుకే, మిగిలిందంతా రాగిపిండి. నాయనకు అటెండరు ఉద్యోగం వచ్చాక అమ్మ ఎసట్లో బియ్యం పెంచి పిండి తగ్గించింది. నేను మదనపల్లెలో ఉద్యోగంలో చేరాక ముద్ద రంగు ఇంకా తేలిపోయింది. ఇంటికి ఎవరైనా వస్తే అమ్మ మూత తీసి మరీ చూపించేది.

"సూడు, మా సంగటి ఎంత తెల్లగా ఉండాదో!"

ఆ తెలుపంటే ఇప్పుడు నాకు అసహ్యం. చెప్పడానికి మొహమాటమేమీ లేదు.

పోయినేడు చెప్పు ఒరుసుకుని నాయన బొటనవేలి మీద పుండు పడింది. ఎంతకీ మానలేదు. మదనపల్లెకు పిలిపించి డాక్టరుకు చూపిస్తే షుగర్ బాగా ఎక్కువుందని తేలింది. మాత్రలు రాసిచ్చి, తెల్లన్నం తగ్గించమన్నాడు. షుగర్ దిగకపోతే వేలు దక్కదని కూడా చెప్పాడు.

"అన్నం యాడ తింటాండాను సార్? మూడు పూట్లా సంగటే" అన్నాడు నాయన.

డాక్టరు సంతోషపడ్డాడు. పొట్టుతో ఉన్న గింజ నిదానంగా అరుగుతుందనీ, రాగుల్లో పీచూ కాల్షియమూ ఉంటాయనీ, అయినా అదీ పిండిపదార్థమే కాబట్టి చిన్న ముద్దతో సరిపెట్టుకోవాలనీ చెప్పాడు. నాయన అన్నిటికీ తలాడించాడు. నేనూ ధైర్యంగానే ఇంటికొచ్చాను. కానీ తర్వాత రెండుసార్లు పరీక్ష చేయించినా షుగర్ దిగలేదు.

ఇంతలో కుప్పంలో మా చిన్నాయన మనవరాలి పెళ్ళి వచ్చింది. భోజనాల హాల్లో ఒక మూల మట్టి కుండలు పేర్చి, మిల్లెట్ కౌంటర్ అని బోర్డు పెట్టారు. నిమ్మకాయంత సంగటి ముద్దలు, వాటి మీద నెయ్యి, ఆ నెయ్యి మీద ఒక పుదీనా ఆకు. పక్కనే చక్కెర పాకం కారుతున్న రాగి హల్వా. సంగటి తిని పెరిగామని చెప్పుకోవడానికి నామోషీ పడిన మా చుట్టాలే అక్కడ వరుసలో నిలబడి ఫోటోలు దిగుతుంటే నాకు ఒళ్ళు మండింది. సరే, ఏ వేషమైనా నాయన ఆ ముద్ద తింటే చాలనుకుని పిలిచాను.

"కుప్పం దాకా వచ్చి సంగటి తినేదా పాపా? ఎవురన్నా సూస్తే ఏమనుకుంటారు?" అని, పోయి బంతిలో కూర్చున్నాడు. తెల్లన్నం మారు మీద మారు వడ్డించుకున్నాడు. బల్ల కింద కట్టు కట్టిన కాలు నాకు కనిపిస్తూనే ఉంది.

ఆ రోజు అమ్మానాయనలతోపాటే పుంగనూరు వెళ్ళి ఆగిపోయాను. మర్నాడు అమ్మ సంగటి చేస్తుంటే పక్కన నిలబడి చూశాను. గిన్నె నిండా బియ్యం ఉడుకుతోంది. అమ్మ రాగిపిండిని పాత పంచె గుడ్డలో వేసి జల్లించి, కిందికి దిగిన మెత్తటి పిండిలోంచి పిడికెడు తీసి ఆ అన్నం మీద చల్లి తెడ్డుతో గెలికింది. గుడ్డలో మిగిలిన పొట్టును తీసుకుపోయి బర్రె కుడితిలో కలిపింది.

"ఆ పొట్టు యాల పారేస్తాండావమ్మా?"

"యాడ పారేస్తిని? బర్రెకే గదా పెట్టేది. మీ నాయనకు గొంతులో గరుకు తగిల్తే గిట్టదు."

"ఇది సంగటి కాదు, రంగేసిన అన్నం!"

"డాక్టరు సంగటి తినమనె, తింటాండాడు గదా!" అంది అమ్మ, నేనేదో తిక్కగా మాట్లాడుతున్నట్టు చూసి.

ఆమె అబద్ధమాడలేదు. మా ఇంట్లో దాన్ని సంగటి అనే అంటారు. దాన్నే మా నాయన రోజూ మూడు పూటలా, పూటకు రెండు పెద్ద ముద్దలు, పథ్యం చేస్తున్నానన్న నమ్మకంతో తిన్నాడు. కొట్టంలో బర్రె నిగనిగలాడుతోంది. ఇంట్లో మనిషి వేలు కుళ్ళుతోంది.

నాయనతో గట్టిగానే తగువు పడ్డాను.

"నల్ల ముద్ద తినేదానికేనా నేను ఇన్నేండ్లు ఉద్యోగం జేసింది?" అని ఆయన నా మీద అరిచాడు. అరిచాడే గానీ, ఆ రోజు నుంచి నల్ల ముద్దే తిన్నాడు. అప్పటికే ఆలస్యమైంది. మదనపల్లె ఆసుపత్రిలో వేలు తీసేశారు.

ఇంటికొచ్చాకా అమ్మ జల్లించకుండానే చేస్తోంది. రాగిపిండి ఎక్కువ, నూకలు తక్కువ, ముద్ద చిన్నది. ఒక మధ్యాహ్నం నాయన వాకిట్లో కుర్చీ మీద కూర్చుని, కాలు స్టూలు మీదికి చాచి, ఒళ్ళో తట్ట పెట్టుకుని నల్ల ముద్ద తింటున్నాడు. కట్టు మార్చడానికి విప్పి ఉంచాం. వేలు లేని చోటు పచ్చిగా, ఎర్రగా, చూడలేనట్టు ఉంది. అంతలో కుప్పం నుంచి చిన్నాయన పరామర్శకు వచ్చి గేటు తీశాడు.

నాయన గబుక్కున భుజం మీది తువ్వాలు లాగాడు. కాలి మీద కప్పుకుంటాడనుకున్నాను. తట్ట మీద కప్పాడు.

"రాప్పా, కూసో" అన్నాడు. "ఇప్పుడే అన్నం తింటాండాను."