బెంచీ మీద నా చోటు

జట్టు బెంచీ మీద నాకున్న చోటు తీసేశారు. ముందుగా ఒక్క మాట చెప్పలేదు. ఆట చూద్దామని వెళితే నేను కూర్చునే చోట నీళ్ళ డబ్బా ఉంది. నన్ను మెట్లెక్కించి, అద్దాల గదిలో మెత్తటి సోఫాలో కూర్చోబెట్టారు. గౌరవమట!

ఆ అద్దం వెనక నుంచి చూస్తే ఫుట్‌బాల్ ఆట నీటి అడుగున జరుగుతున్నట్టుంది. చప్పుడు లేదు, గడ్డి వాసన లేదు. ఆటగాళ్ళు చేపల్లా అటూ ఇటూ తేలుతున్నారు. చూస్తూ చూస్తూ ఉండగా మైదానం చుట్టూ రబ్బరు చెట్లు లేచినట్టయింది.

చిన్నప్పుడు మలేషియాలో సుంగై పెటాని ఊరు దాటాక ఉండేది మా ఎస్టేటు. ఆటస్థలం దొర బంగళాను ఆనుకుని ఉండేది. తెల్లవారకముందే వెళ్ళి రబ్బరు పాలు తీసి వచ్చినవాళ్ళం, మధ్యాహ్నం ఆడేవాళ్ళం. సరిగ్గా దొర కునుకు తీసే వేళ. ఎవడైనా అరిచాడా, బంతి పోయినట్టే. అందుకని మాది మూగాట. గోలు కొట్టినా కేక లేదు, చేతులు గాల్లో ఊపడమే. గీత పక్కన మా నాన్న నిలబడేవాడు. ఆయన కనుబొమ లేస్తే ముందుకు, మొహం ముడిస్తే వెనక్కి. ఎండుటాకులు రాలుతుంటే వాటితో పాటు బంతి కూడా నిదానంగా, ఎప్పటికో దిగుతున్నట్టు ఇప్పటికీ కలలోకి వస్తుంది.

ఆ మూగాటే నన్ను రాష్ట్ర జట్టుకు తీసుకుపోయింది. మోకాలు పోయాక, వీడు నోరు జారడని జట్టుకు మేనేజరుగా పెట్టుకున్నారు. బడి మొహం చూడనివాణ్ణి. ఉప్పుచేప చుట్టిచ్చిన మలయ్ పేపర్లు కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఆ చదువుతోనే ఒప్పందాలు రాయించాను, ఆటగాళ్ళను తెచ్చాను, బస్సుల్లో వాళ్ళ భుజాల మీద నిద్రపోయాను. బెంచీ మీద నుంచి ఏనాడూ అరవలేదు. పదవి దిగిన రోజున ఆ చోటు ఎప్పటికీ నాదేనని అన్నది వాళ్ళే కదా!

ఇప్పటి కోచ్ నేను తెచ్చినవాడే, వరసకు మేనల్లుడు. ఫోన్ చేస్తే ఎత్తడు. ఎత్తితే మీటింగంటాడు. చివరికి వాడు టీ తాగే కొట్టుకు పోయి ఎదురుగా కూర్చున్నాను.

"ఏటిరా, పెద్దోడివైపోనావా? మామని మేడెక్కించినావు!"

"ఏసీ ఉంది, సోఫా ఉంది. సామిని గుళ్ళో కూసోబెట్టినట్టే లా, మామా!" మాట చివర ఆ మలయ్ 'లా' వాడికి అలవాటు.

"గుళ్ళో సామికి గడ్డి వాసనొస్తాదేటిరా? నానేటి సేసినాను? ఒక్కసారైనా నోరిప్పినానా? నీ పన్లో ఏలెట్టినానా?"

వాడు నవ్వు ఆపేశాడు. గ్లాసు పక్కకు జరిపాడు.

"నోరిప్పలేదు మామా. అదే గదా కష్టం. నాను గొంతు సించుకుని ముందుకెళ్ళమంటాను, కుర్రోళ్ళు నీ మొగం సూస్తారు. నీకు నచ్చనేదని తెలిసిపోతాది, కాళ్ళు ఆగిపోతాయి. ఆళ్ళే కాదు మామా, నానూ ఆగిపోతన్నాను."