బండలు పరిచిన పడవ

మా అక్కను సోమవారం పొద్దుటికల్లా వికారాబాద్ గుట్ట మీది క్షయ ఆసుపత్రిలో చేర్చాలి. చాలా కాలంగా ఎదురుచూస్తున్న మంచం ఒకటి ఖాళీ అయిందని, ఆ రోజుకు రాకపోతే వరుసలో తర్వాతి మనిషికి ఇచ్చేస్తామని కబురు వచ్చింది. కబురు నాకు శుక్రవారం అందింది. నేనప్పుడు తాండూరులో ఒక బండల వ్యాపారి దగ్గర మున్షీని. నిజాం పాలన పోయి కొన్నేళ్లయినా లెక్కలు ఇంకా ఉర్దూలోనే రాస్తున్న రోజులు. డైరీ రాసే అలవాటు అప్పటికే ఉంది కానీ, ఆ నాలుగు రోజులూ నేను కలం ముట్టలేదు. అందుకే ఇదంతా జ్ఞాపకం మీద ఆధారపడి రాస్తున్నాను.

అక్క అత్తవారి ఊరు కాగ్నా వాగుకు అవతలి ఒడ్డున ఉంది. ఎండాకాలంలో అందరూ వాగులో దిగి నడిచిపోయేవాళ్లు. వానలు మొదలైతే పడవే దిక్కు. చుట్టు తిరిగి వచ్చే బాట ఉండేది కానీ అంతా నల్లరేగడి. ఒక్క మంచి వాన పడితే బండి చక్రాలు ఇరుసుదాకా దిగబడతాయి. శుక్రవారం సాయంత్రం నేను పోయేసరికి నీళ్లు నడుముదాకా వచ్చాయి. పంచె విప్పి తలకు చుట్టుకుని దాటాను. నీళ్లు ఎర్రగా ఉన్నాయి. ఎగువన వాన పడుతోందని అర్థమైంది.

పడవ మా బావది. అంతకుముందు బావ తండ్రిది. ఆయన గనిలో బండలు చీల్చే మనిషి. కృష్ణ ఒడ్డున పాత కట్టె పడవ కొని, ఎడ్లబండ్ల మీద వేయించుకొచ్చాడు. దాని అడుగు పలకలు తడికి మెత్తబడుతున్నాయని, వాటి మీద పలచటి తాండూరు బండలను కొలతకు చెక్కి పరిచాడు. సందుల్లో సున్నం పెట్టాడు. మా వైపు ఇంట్లో నేలకు బండ, పెరటి గోడకు బండ, పశువుల కొట్టంలో బండ. బండకు చెద పట్టదు, బండ కుళ్లదు. పడవకు మాత్రం ఎందుకు పనికిరాదు? చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆ నీలపు బండల మీద చేయి పెట్టి చూసి మెచ్చుకునేవాళ్లు.

అయితే కట్టె పడవను ఎండాకాలం బోర్లించి ఆరబెట్టాలి. బండలు పరిచిన పడవను ఎవరు బోర్లించగలరు? బరువుకు లేవదు. లేచినా బండలు రాలి పగులుతాయి. అందుకని అది వాగు ఎండిన నెలలన్నీ ఒడ్డున వెల్లకిలా పడి ఉండేది. సున్నం పగుళ్లలోంచి దిగిన నీళ్లకు బయటికి వచ్చే దారి లేదు.

శనివారం పొద్దున పడవను నీళ్లలోకి దించుదామని బావా నేనూ వెళ్లాం. బయటి వైపు నుంచి వంగి చూస్తే అడుగు పలక ఒకటి నల్లగా ఉబ్బి కనిపించింది. గడ్డపార మొనతో నొక్కాను. తడిసిన జొన్నరొట్టెలోకి దిగినట్టు దిగింది.

"బావా, గిది కుళ్లింది."

"పైపైన గట్ల కనిపిస్తది. లోపల బండ ఉన్నది గద."

"బండ కింద ఏమున్నది?"

"మా నాయిన పర్చిండు బామ్మర్దీ. ఇన్నేండ్ల సంది సుక్క నీళ్లు రాలె. నువ్వొచ్చి ఒక్కపారి పొడిసి కుళ్లిందంటున్నవ్."

"పొడిస్తె దిగింది."

"మున్షీవి, కలం పట్టుకో. నీకెందుకు గడ్డపార?"

నేను రెండోచోట పొడిచాను. అక్కడా దిగింది. బావ నా చేతిలోంచి గడ్డపార లాక్కున్నాడు. ఆయన తండ్రి పోయి అప్పటికి ఎంతో కాలం కాలేదు. ఆ బండల అంచుల మీద ఉలి గాట్లు ఇంకా కొత్తగానే కనిపించేవి. బావ కోపం నాకు అర్థమయింది. కానీ వాగు పెరుగుతోంది.

ఇంతలో అక్క గోడ పట్టుకుంటూ నడిచి వచ్చింది. ఇల్లు ఒడ్డుకు దగ్గరే. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని మాకు దూరంగా రాయి మీద కూర్చుంది. అప్పటికి ఆమె పళ్లెం, గ్లాసు వేరు, పడక వేరు. దూరంగా కూర్చోవడం ఎవరూ చెప్పకుండానే అలవాటు చేసుకుంది. మా మాటలన్నీ వింది. దగ్గు ఆగిన తర్వాత భర్తతో అంది:

"నేనెక్కేది పడవనా, మామ సమాధినా?"

బావ వంగి ఒక బండ మీద చేయి పెట్టాడు.

"లేపుండ్రి. మామ ఉంటె తనే లేపుతుండె."

బావ గడ్డపార మొన సున్నం సందులో పెట్టి నొక్కాడు. మొదటి బండ లేచింది. కింద నుంచి వచ్చిన వాసనకు ముగ్గురం ముఖాలు తిప్పుకున్నాం. పలక అనేది లేదు. నల్లటి ముద్ద ఉంది. అడుగున అడ్డంగా ఉండే కర్రలు పైకి గట్టిగా కనిపిస్తున్నా చేత్తో నలిపితే పొడి అయ్యాయి. కిందటి వానాకాలమంతా ఊరు ఊరంతా దీని మీదే దాటింది. నేనూ దాటాను.

వడ్రంగిని పిలిచాం. ఊళ్లో అందరూ వడ్ల తాత అనేవారు. వచ్చి, చుట్టూ తిరిగి చూసి అన్నాడు:

"కొడుకా, గిది పడవ గాదు. బండలు కట్టిన బాయి."

"నవ్వకు తాతా. రేపటికి గావాలె," అన్నాడు బావ.

"రేపటికా? పెండ్లికి సుత గింత తొందర లేకుండె నీకు!"

నవ్వుతూనే పనిలో దిగాడు. కొత్త కట్టె కోసం తాండూరు పోయే సమయం లేదు. బావ ఇంట్లోకి పోయి అటక పలకలు ఊడదీసి తెచ్చాడు. పాత టేకు. అడ్డకర్రలకు బండి కోసం దాచిన తుమ్మ మొద్దు కోశాం. కుళ్లినదంతా గీకి, గట్టి కట్టె తగిలేదాకా చెక్కాం. చెక్కేకొద్దీ పడవ తగ్గిపోతోంది. ఒకచోట ఉలి అవతలికి దిగి కింది ఇసుక కనిపించింది. తాత అప్పటి నుంచి నవ్వడం మానేశాడు.

మధ్యాహ్నం వాన మొదలైంది. అసలు భయం అప్పుడు పట్టుకుంది. పలకల సందుల్లో పత్తి కూరి, గుగ్గిలం నూనెలో కాచి వేడివేడిగా పోయాలి. తడి కట్టెకు గుగ్గిలం అంటదు. పడవ మీద గుంజలు పాతి గొంగళ్లు కప్పాం. మట్టి చట్లలో నిప్పులు పెట్టి, సందుల వెంట జరుపుతూ కట్టెను ఆరబెట్టాం. పక్కనే గుగ్గిలం మరుగుతోంది. ఒక్క నిప్పురవ్వ పడితే పడవ, గొంగళ్లు, మేము అన్నీ కలిపి అంటుకుంటాయి. బావ నీళ్ల బిందె పట్టుకుని నిలబడ్డాడు. తీసేసిన బండలను ఒడ్డు కింద పేర్చి పెట్టాం. చీకటిపడే వేళకు నీళ్లు వాటి మొదటి వరుసను తాకాయి. ఆదివారం పొద్దున చూస్తే బండలు ఒక్కటీ కనిపించలేదు.

ఆ మధ్యాహ్నానికి పడవను దించాం. నీళ్లు రాలేదు. బావ ముఖంలో కాస్త వెలుగు వచ్చింది. అక్కకు తడి తగలకూడదని పడవ అంచుల మీద అడ్డంగా మంచం వేసి దాని మీద పడుకోబెట్టాలని మా ఆలోచన. ముందు తాతను మంచం మీద కూర్చోమన్నాం. ఆయన కాస్త పక్కకు జరిగాడో లేదో, పడవ అటే ఒరిగి తాతను మోకాటి లోతు నీళ్లలో పడేసింది.

"ముసలోన్ని ముంచి కూలి ఎగ్గొడ్తవా!" అని లేచాడు. ఎవరికీ నవ్వు రాలేదు.

"సూసినవా?" బావ నా మీదికి వచ్చాడు. "బండల బరువు మీద నిల్సేటి పడవ అది. మునిగి తీసైనా మల్ల పెడ్త."

"బండ అంచు తగిల్తె కొత్త సందులు పగుల్తయి బావా."

"ఏమంటవ్ తాతా?" అన్నాడు బావ.

"నాకు కట్టె తెల్సు కొడుకా, నీళ్లు తెల్వదు," అన్నాడు తాత ధోవతి పిండుకుంటూ.

అక్క అప్పటికే మూట కట్టుకుని కూర్చుంది. "మంచమెందుకు?" అంది. "ఎత్తుల ఉంటె ఒరగదా? కిందనే పండుకుంట. నీళ్లొస్తె ముందు నాకే తెలుస్తది. చెప్త."

గోనెసంచుల్లో ఇసుక సగం సగం నింపి పడవ నడుమ పొడుగునా పరిచాం. పడవ కుదురుగా కూర్చుంది. సంచుల మీద గొంగడి వేసి అక్కను పడుకోబెట్టాం. వెనక బావ గడ పట్టుకున్నాడు, ముందు నేను తెడ్డు పట్టుకున్నాను.

ఒడ్డు వదిలిన కాసేపటికే గడ నేలకు అందడం మానేసింది. బావ కూడా తెడ్డు తీసుకున్నాడు. వాగు మమ్మల్ని పక్కకు లాగుతోంది. ఒక చిన్న తుమ్మచెట్టు వేళ్లతో సహా కొట్టుకొచ్చి పడవను రాసుకుంటూ పోయింది. ఆ తర్వాతే అక్క గొంతు వినిపించింది, మెల్లగా.

"తమ్మీ, ఈపు తడుస్తున్నది."

"సెమటేమో."

"సెమట సల్లగుంటదా?"

తెడ్డు వదిలితే పడవ అడ్డం తిరుగుతుంది. వెనక నుంచి బావ అరిచాడు: "ఆపకు! కొట్టు!" నేను వెనక్కి చూడకుండా కొట్టాను. వెనక సంచులు జరుపుతున్న చప్పుడు, గుడ్డ చిరిగిన చప్పుడు, దగ్గు. దగ్గు ఆగలేదు. అయినా మధ్యమధ్య ఆమె చెబుతూనే ఉంది: "దొరికింది. కుక్కిన. అదిమి పట్టిన. మీరు కొట్టుండ్రి."

తాండూరు వైపు ఒడ్డుకు, రేవుకు చాలా దిగువన, తాకాం. తిరిగి చూస్తే అక్క బోర్లా పడుకుని ఉంది. చిరిగిన కొంగు సందులో ఉంది, రెండు అరచేతులూ దాని మీద ఉన్నాయి. తీయమంటే వెంటనే తీయలేకపోయింది. వేళ్లు కొంకర్లు పోయాయి. బావ ఆమెను భుజాన వేసుకుని స్టేషన్ దాకా నడిచాడు. సాయంత్రం ప్యాసింజర్ అందింది. మూట కూడా తడిసిపోయింది. రైల్లో కూడా ఆమె తడి బట్టల గురించే బావ గొణుగుతున్నాడు. జ్వరం వస్తే చేర్చుకోరేమోనని ఆయన భయం. రాత్రి వికారాబాద్ స్టేషన్లో గడిపి, తెల్లారి బండి కట్టించుకుని గుట్ట ఎక్కాం.

జ్వరం వచ్చింది. నర్సమ్మ నుదుటి మీద చేయి పెట్టి చూసింది. పేరు అడిగి రాసుకుంది, పొడి బట్టలు ఇచ్చింది, కిటికీ పక్కన ఖాళీగా ఉన్న మంచం చూపించింది. బావ గుమ్మం దగ్గరే నిలబడ్డాడు.

"మంచం గదేనా? మల్ల అడుగు," అన్నాడు నాతో.

"గదే బావా."

అక్క మంచం మీద కూర్చుని, రెండు చేతులతో దుప్పటి సరిచేసుకుంది. ఆ మంచం మీద ఆమె ఏడాదికి పైగా ఉండబోతోందని, నయమై ఇంటికి వస్తుందని ఆ పొద్దున మాలో ఎవరికీ తెలియదు. ఆమె నర్సమ్మను పిలిచి మమ్మల్ని చూపించింది.

"గీళ్లిద్దరు నిన్నటి సంది ఏం తిన్లేదు, సిస్టరమ్మా. కింద హోటలెక్కడుందో జర చెప్పు. లేకుంటె గుమ్మం కాడనే నిలబడ్తరు."