మందు కొట్టని రెండు సాళ్లు

"...కళ్ళు కనపడకనా, లేకపోతే ఆవిడ అంటగట్టిందా? ఈ ఇంట్లో పుచ్చు వంకాయ అడుగుపెట్టి ఎన్నేళ్ళయింది? ఈ అరకిలోలో ఒక్కటి, ఒక్కటంటే ఒక్కటి బాగున్నది తీసి చూపించండి!"

కుసుమ గొంతు వంటింట్లోంచి మెట్ల దాకా వినపడుతోంది. పక్క వాటా వాళ్ళ తలుపు కొంచెం తెరుచుకుని మళ్ళీ మూసుకుంది. రామచంద్రరావు ఖాళీ సంచి దులిపి, మడిచి మేకుకు తగిలించాడు.

"నేనే అడిగి తెచ్చానే," అన్నాడు భార్యతో.

"అడిగి తెచ్చారా! పుచ్చులు అడిగి మరీ కొనే మనిషిని ఇప్పుడే చూస్తున్నాను."

"పురుగు తిన్నదంటే దానికి మందు కొట్టలేదన్న మాట. వందన అడిగేది అదేగా?"

లోపలి గదిలోంచి కోడలు వందన పాపను భుజాన వేసుకుని వచ్చింది. పళ్ళెంలోని వంకాయలను చూసింది. నవ్వు ఆపుకుంటున్నట్టు కనిపించింది.

"నేను మందు లేనివి కావాలన్నాను మామయ్యగారూ. పురుగులున్నవి కాదు."

"రెండూ ఒకటే కదమ్మా?"

"కాదేమో," అంది వందన. ఆమెకూ అంత గట్టిగా తెలియదని ఆ గొంతులోనే తెలిసింది.

రామచంద్రరావు ఆడిట్ ఆఫీసులో పనిచేసి రెండేళ్ళ కిందట రిటైరయ్యాడు. బతుకంతా అతనికి బాగా తెలిసినవి రెండు: ఒకటి వోచర్లు, రెండు కూరగాయలు. చిక్కడపల్లిలోని వాళ్ళ సందులో ఎవరింట్లో పెళ్ళైనా, వ్రతమైనా, కూరలు కొనడానికి అతన్ని వెంటబెట్టుకుని వెళ్ళేవాళ్ళు. బెండకాయ కొస విరిచి, విరిగిన చప్పుడును బట్టి లేతదో ముదురుదో చెప్పేవాడు. సొరకాయకు బొటనవేలి గోరు ఆనించేవాడు. వంకాయను అరచేతిలో ఎగరేసి, తేలిగ్గా ఉంటే గింజ తక్కువని బుట్టలో వేసేవాడు. తొడిమ వాడినదాన్ని ముట్టుకునేవాడు కాదు. ఆఫీసులో పై అధికారులు అతని మాట కొట్టేసిన రోజులున్నాయి. నారాయణగూడ మార్కెట్లో ఎవరూ కొట్టేయలేదు.

అక్కడ అతనికి ఖాయమైన మనిషి కిష్టమ్మ. అంబర్‌పేట్ నుంచి తెల్లవారుజామున గంపతో వచ్చి, మార్కెట్ చివర గోడకు ఆనుకుని కూర్చుంటుంది. ఆమె తమ్ముడు ఎల్లేశం ఇబ్రహీంపట్నం అవతల కూరగాయలు పండిస్తాడు. ఆ గంపలోకి వచ్చేది చాలావరకు అతని తోటలోదే. మంచివన్నీ ముందే ఏరి, తడి గోనెపట్టా కింద దాచి, "సారువి" అని పక్కన పెట్టడం ఆమె అలవాటు. బంద్ పిలుపు ఉన్న రోజుల్లో పొద్దు పొడవకముందే సందులోకే వచ్చి ఇచ్చి వెళ్ళేది.

ఇన్నాళ్ళూ ఇందులో చిక్కేమీ లేదు. పాపకు ఏడో నెల వచ్చింది. కూరగాయలు ఉడికించి మెత్తగా చేసి పెట్టమని డాక్టరు చెప్పింది. ఆ రాత్రే వందన కంప్యూటర్లో ఏవేవో చదివి, పొద్దున్నే అందరి ముందూ చెప్పేసింది: "బజారు కూరలు పాపకు పెట్టను. ఆర్గానిక్‌వైతేనే పెడతాను."

రామచంద్రరావు మనసులో ఒక కోరిక ఉంది, ఎవరికీ చెప్పలేదు. కొడుకు పవన్‌కుమార్ ఆ వయసులో ఉన్నప్పుడు అతను అనంతపురంలో ఆడిట్ క్యాంపులో ఉన్నాడు. పిల్లవాడు మొదట ఏ కూర తిన్నాడో, ఉమ్మేశాడో మింగాడో అతనికి తెలియదు. ఈ పాప తినే మొదటి కూర తన చేత్తో ఏరి తేవాలి. అంతే. మందు లేనివే కావాలంటే, సరే, మందు లేనివే ఏరుదాం అనుకున్నాడు. కిష్టమ్మతో చెప్పాడు. ఆమె తల ఊపి, గోనెపట్టా కిందినుంచి తీసి ఇచ్చింది. ఇంటికొచ్చి చూస్తే ఇదీ సంగతి.

మర్నాడు మార్కెట్‌కు వెళ్ళగానే అడిగాడు.

"పుచ్చులిచ్చావేం కిష్టమ్మా?"

"అయ్యో, మీరే గద సార్ మందు కొట్టనియి గావాలన్నరు! ఆ అపార్ట్‌మెంట్ల మేడాలు గూడ గివ్వే ఏరుకుంటున్నరు. ఇన్నేండ్లు నేను బర్రెలకేసిన. ఇప్పుడేమో ముందుగాల గవ్వే ఖతమైతున్నయ్. మీకు దొరకయని దాచిపెట్టిన."

"అయితే వీటికి మందు కొట్టలేదా?"

"కొట్టకుంటే కాయ చేతికొస్తదా సార్? మా ఎల్లేశం వారానికి రెండుసార్లు కొడ్తడు. పురుగుకు గూడ అలవాటైపోయింది. ముందుగాల సచ్చేది. ఇప్పుడు మందు తాగి పంటది, పొద్దుగాల లేస్తది. అచ్చం మా ఆయన లెక్కనే."

పక్కన ఆకుకూరలమ్మే ఆవిడ పకపకా నవ్వింది. రామచంద్రరావుకు నవ్వు రాలేదు.

"మరి కొట్టిందేదో కొట్టనిదేదో తెలిసేదెట్లా?"

"నాకేం తెలుస్తది సార్? మొకం మీద రాసుంటదా?"

అతనొక వంకాయ చేతిలోకి తీసుకుని ఎగరేశాడు. తేలిగ్గానే ఉంది. తొడిమ పచ్చగా, ముళ్ళు గుచ్చుకునేటట్టుంది. తనకు తెలిసిన అన్ని లెక్కల్లోనూ అది మంచి వంకాయ. దాన్ని మళ్ళీ గంపలో పెట్టాడు.

"మీ ఎల్లేశం ఇంట్లో కూడా ఇవే తింటారా?"

కిష్టమ్మ గంప మీద నీళ్ళు చల్లింది. ఇంకెవరికో పచ్చిమిరపకాయలు తూచింది.

"బాయికాడ రెండు సాళ్లు విడిగ పెట్టిండు," అంది చివరికి. "గవ్విటికి కొట్టడు. ఇంట్ల పోరగాండ్లకు."

"అవి నాకియ్యి. ఎంతైనా సరే."

"అవ్వి అమ్మేటియి గావు సార్."

ఇన్నేళ్ళలో ఆమె అతనికి లేదని చెప్పడం అదే మొదటిసారి.

ఆ సాయంత్రం అతను అశోక్‌నగర్ వెళ్ళాడు. కోచింగ్ సెంటర్లు, జిరాక్స్ షాపుల వరసలో కొత్తగా ఒక ఆర్గానిక్ దుకాణం పెట్టారని వందన చెప్పింది. పోటీ పరీక్షల పుస్తకాలు చంకన పెట్టుకుని తిరిగే కుర్రాళ్ళ మధ్యలోంచి దారి చేసుకుని లోపలికి వెళ్ళాడు. దుకాణం నడిపే మంజుల కుర్చీలోంచి లేచి నమస్కారం పెట్టింది. నలభై దాటిన మనిషి, మాట మెత్తన.

బెండకాయలు కాగితం సంచుల్లో ఉన్నాయి. అలవాటుగా ఒకటి తీసి కొస విరిచాడు.

"సార్, విరిచింది మీరే తీస్కోవాలె," అంది మంజుల.

సొరకాయ దగ్గరికి బొటనవేలు పోయింది.

"గోరు పెట్టకండి సార్, ప్లీజ్."

చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. ఏం చెయ్యాలో తోచక గోడ మీది సర్టిఫికెట్ చదివాడు. తేదీ చూశాడు, ముద్ర చూశాడు, కింది సంతకం కూడా చూశాడు.

"ఇందులో బియ్యం, కందిపప్పు అని మాత్రమే ఉందేమిటమ్మా?"

"కూరగాయలకు కాయితం లేదు సార్. వికారాబాద్ దగ్గర మా చిన్నమ్మ కొడుకు పండిస్తడు. అస్సలు మందు కొట్టడు."

"మీరు వెళ్ళి చూశారా?"

"లేదు సార్. వాడు చెప్పిండు. అబద్ధం చెప్పే మనిషి కాదు."

ఆమె అబద్ధం చెప్పడం లేదని అతనికి అర్థమైంది. ఇబ్బంది అక్కడే వచ్చింది. సర్వీసంతా ఎవరో చెప్పారని ఒక్క బిల్లు కూడా పాస్ చెయ్యలేదు. కాగితం సరిగ్గా ఉంటేనే చేశాడు. అయితే ఆ బిల్లుల్లోని సిమెంటు బస్తాల్ని, కంకర లోడుల్ని కళ్ళతో చూసిందీ లేదు. చూడకుండానే సరే అన్నాడు. ఇక్కడ కాగితమూ లేదు, చెయ్యి తగిలించేందుకూ లేదు. చెయ్యి తగిలించినా తెలిసేదేమీ లేదని పొద్దున కిష్టమ్మ తేల్చేసింది.

బజారు ధరకు రెట్టింపు పైన పెట్టి ఒక సొరకాయ కొన్నాడు.

ఇంట్లో దాన్నీ, బజారు సొరకాయనూ విడివిడిగా వండమన్నాడు. కుసుమ విసుక్కుంటూనే వండింది. అందరూ రెండూ తిన్నారు.

"రెండూ సొరకాయలాగే ఉన్నాయి నాన్నా," అన్నాడు పవన్‌కుమార్.

రామచంద్రరావు ఇంకోసారి వడ్డించుకుని, కళ్ళు మూసుకుని నమిలాడు. తేడా ఉందనిపించింది. మరో ముద్దకు లేదనిపించింది.

"రుచిలో తెలిసేదైతే మనకెందుకొచ్చే గొడవ మామయ్యగారూ," అంది వందన. "పురుగే వాసన చూసి వెళ్ళిపోయేది."

"మా అత్తగారు ఇవేమీ చదవకుండానే అయిదుగురిని పెంచారు," అంది కుసుమ.

"అప్పుడు ఇన్ని మందులు లేవు కదా అత్తయ్యా?"

"ఏమో, మరి ఉన్నాయో లేవో," అని కుసుమ గిన్నెలు తీసుకుని లేచింది.

తర్వాతి వారం అతను మార్కెట్‌కు వెళ్ళేసరికి కిష్టమ్మ అతని కోసమే చూస్తోంది. గోనెపట్టా కింద కాదు, ఒళ్ళో గుడ్డమూటలో ఉన్నాయి. మూట విప్పింది. ఒక సొరకాయ, నాలుగు బీరకాయలు, గుప్పెడు వంకాయలు.

"ఎల్లేశాన్ని అడిగిన సార్. ఒప్పుకున్నడు. జర ఎక్కువిస్తే వారం వారం ఆ రెండు సాళ్లది మీకే. ఇంకెవ్వలకియ్యడు."

రామచంద్రరావు సొరకాయకు గోరు ఆనించాడు. గోరు ఇట్టే దిగింది. సన్నగా నీరు ఊరింది. ఇంత లేత సొరకాయ చేతిలోకి వచ్చి చాలా రోజులైంది.

"మరి పిల్లలో?"

"పిల్లలకేంది సార్! అమ్మేటిదాంట్లకెల్లి తింటరు. ఊరంత తినట్లేదా? నేను తింటలేనా?"

"ఎంతమంది వాళ్ళు?"

"ఇద్దరు. పెద్దోడు బడికి పోతుండు, వానికి ఫీజు గట్టాలె. చిన్నదానికి మొన్ననే నడకొచ్చింది." ఆమె మూట మళ్ళీ కట్టి సంచిలో తనే పెట్టింది. "మీరు అడిగిన్రని చెప్తనే ఇచ్చిండు సార్. మీ మొకం చూసి."

అతను డబ్బులిచ్చి బయల్దేరాడు. ఫ్లైఓవర్ కింద ఆటోవాడు పక్కనే హారన్ కొట్టినా వినిపించుకోలేదు. తాను కొనకపోతే ఎల్లేశం ఆ అపార్ట్‌మెంట్ల వాళ్ళకు అమ్మేస్తాడు. ఒకసారి ధర కట్టిన సాళ్లను మళ్ళీ ఇంటికి వదులుతాడా? వదలడు. కాదు, వదులుతాడేమో. మంజుల చిన్నమ్మ కొడుకుకూ పిల్లలుండే ఉంటారు, వాళ్ళు ఏం తింటున్నారో. ఎక్కువ డబ్బు పెడితే మంచిది వస్తుందనుకున్నాడు, వచ్చింది కూడా. ఎవరి దగ్గరి నుంచి వచ్చిందో తెలియకపోతే బాగుండేది. అలా అనుకుని, తన ఆలోచనకు తనే తికమకపడ్డాడు.

ఇంట్లో వందన సంచి విప్పింది. ఎల్లేశం మందు కొట్టని సాళ్లవని, ధర ఇంతని అతను చెప్పగానే ఆమె ముఖం విప్పారింది.

"ఇదే మామయ్యగారూ, మనకు కావలసింది! తోట ఎవరిదో తెలుసు, మనిషి తెలుసు. దుకాణం కంటే చవక కూడా. ఇంక ఇవే తెండి. పాపకు ఇవాళే మొదలుపెడదాం."

"లేత కాయ," అంది కుసుమ, సొరకాయను చేతిలోకి తీసుకుని. చాలా రోజుల తర్వాత అతని సంచిని మెచ్చుకుంది. "మీ చెయ్యి చెయ్యే."

పాపను అతని ఒళ్ళో కూర్చోబెట్టి వందన కత్తిపీట వాల్చింది. పాప అతని చొక్కా గుండీ పట్టుకుని లాగుతోంది. ఆ సాళ్లు ఎల్లేశం తన పిల్లల కోసం విడిగా పెట్టినవన్న సంగతితో సహా, కిష్టమ్మ చెప్పిందంతా వాళ్ళకు చెప్పాడు, ఏదీ దాచకుండా.

వందన చెయ్యి ఆగింది. "వాళ్ళే ఒప్పుకున్నారు కదండీ," అంది మెల్లగా. "డబ్బు వాళ్ళకూ అవసరమే కదా?"

"అవసరమే."

"మనం వద్దంటే వాళ్ళ పిల్లలకే పెడతారని ఏముంది?"

"ఏమీ లేదమ్మా."

కుసుమ ఇద్దరి ముఖాలూ చూసింది. పాప గుండీ వదిలి సొరకాయ వైపు చెయ్యి చాపింది.

"అది కొయ్యకమ్మా," అన్నాడు రామచంద్రరావు. "ఇంకో పిల్ల కోసం పెట్టిందని తెలిశాక నా చేత్తో పాపకు పెట్టలేను. సాయంత్రం తీసుకెళ్ళి కిష్టమ్మకు తిరిగిచ్చేస్తాను. పాపకు కావలసినవి అశోక్‌నగర్ దుకాణంలో ఇక నువ్వే చూసి తెచ్చుకో."